హెండ్రిక్స్ వదిలివెళ్లిన టేపులు

జిమీ హెండ్రిక్స్ బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే మూడు. ‘ఆర్ యు ఎక్స్‌పీరియన్స్‌డ్’, ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ 1967లో, ‘ఎలక్ట్రిక్ లేడీల్యాండ్’ 1968లో విడుదలయ్యాయి. 1970లో వచ్చిన ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’ కచేరీ రికార్డింగు. అదే ఏడాది సెప్టెంబరు 18న ఈ అమెరికన్ గిటారిస్టు 27 ఏళ్ల వయసులో లండన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత అతని పేరు మీద వచ్చిన ఆల్బమ్‌లు బతికుండగా వచ్చినవాటికి ఎన్నో రెట్లు. మరణించి నాలుగు దశాబ్దాలు దాటాక, 2013లో విడుదలైన ‘పీపుల్, హెల్ అండ్ ఏంజెల్స్’ అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది.

స్టూడియోల్లో, ఇంట్లో, హోటల్ గదుల్లో రికార్డు చేసి పక్కన పెట్టిన టేపులే ఈ ఆల్బమ్‌లకు ముడిసరుకు. గిటారూ గొంతూ హెండ్రిక్స్‌వే. కానీ ఏ టేపు బయటికి తీయాలి, అందులో ఎంత ఉంచాలి, దానికి ఏం చేర్చాలి, పాటలను ఏ వరసలో పేర్చాలి అన్నవన్నీ వేరేవాళ్లు తీసుకున్న నిర్ణయాలు. ఆ నిర్ణయాలు కాలంతోపాటు మారాయి. వాటితోపాటు శ్రోతలకు అందిన హెండ్రిక్స్ కూడా మారుతూ వచ్చాడు.

టేపుల్లో ఏముంటుంది

విడుదల కాని రికార్డింగులన్నీ ఒకే రకం కావు. మొదటిది డెమో, అంటే పాట నమూనా. వరస మరిచిపోకుండా ఉండటానికో, తోటి వాద్యకారులకు వినిపించడానికో చేసుకునే రికార్డింగు ఇది. తెలుగు సినిమా పాటకు ముందు ఒకరి చేత ట్రాక్ పాడించి, తర్వాత అసలు గాయకుడి గొంతు ఎక్కించినట్టే, డెమో కూడా తుది రూపం కోసం దారి వేస్తుంది. 1968 మార్చిలో న్యూయార్క్‌లోని డ్రేక్ హోటల్ గదిలో హెండ్రిక్స్ ఒంటరిగా గిటార్ మీటుతూ కొన్ని పాటలు టేపు చేసుకున్నాడు. ‘ఎలక్ట్రిక్ లేడీల్యాండ్’లో పదమూడు నిమిషాలకు పైగా సాగే ‘1983’ పాట తొలి నమూనా వాటిలో ఉంది. ఆల్బమ్‌లో అది సముద్రపు హోరు లాంటి ధ్వనులతో నిండిపోతుంది. డెమోలో గొంతు, గిటార్ తప్ప మరేమీ లేదు.

రెండోది ప్రత్యామ్నాయ టేక్. ఒకే పాటను స్టూడియోలో పదిసార్లు వాయిస్తే ఒకటి ఆల్బమ్‌లోకి వెళ్తుంది, మిగిలినవి పెట్టెలో ఉండిపోతాయి. మూడోది ఔట్‌టేక్, అంటే పాట పూర్తయినా ఆల్బమ్‌లో చోటు దొరకనిది. నాలుగోది జామ్. ముందస్తు ఏర్పాటేమీ లేకుండా వాద్యకారులు కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే వాయింపు ఇది. వీటికి తోడు రఫ్ మిక్స్ కూడా ఉంటుంది. ఆ రోజు చేసిన పని ఎలా వచ్చిందో ఇంటికి పట్టుకెళ్లి వినడానికి హడావుడిగా చేసుకునే కాపీ అది. ఈ తేడాలు తెలియకపోతే నమూనాను పూర్తి పాటగానూ, సరదా వాయింపును గొప్ప రచనగానూ పొరబడే అవకాశం ఉంది.

ఇన్ని టేపులు ఎందుకు మిగిలాయి

మొదట్లో హెండ్రిక్స్ రికార్డింగులు పొదుపుగా సాగాయి. అతన్ని లండన్ తీసుకొచ్చిన నిర్మాత చాస్ ఛాండ్లర్ స్టూడియో సమయాన్ని లెక్క చూసుకుని వాడేవాడు. లండన్ ఒలింపిక్ స్టూడియోలో అప్పుడున్నది నాలుగు ట్రాక్‌ల యంత్రం. ట్రాక్ అంటే టేపు పొడవునా సాగే ఒక్కో ధ్వని దారి. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి ఇంకో టేపు మీద రెండు ట్రాక్‌లకు కుదించి, ఖాళీ అయిన చోట కొత్త వాయిద్యాలు ఎక్కించేవారు. ఇలా ఒకసారి కలిసిపోయిన ధ్వనులను మళ్లీ విడదీసే వీలు అప్పట్లో లేదు. అందుకే ఆ కాలపు టేపుల్లో తర్వాతివాళ్లు మార్చడానికి మిగిలింది తక్కువ.

1968లో పని న్యూయార్క్‌లోని రికార్డ్ ప్లాంట్‌కు మారింది. అక్కడ 12 ట్రాక్‌ల యంత్రం ఉండేది, త్వరలోనే 16 ట్రాక్‌లు వచ్చాయి. హెండ్రిక్స్ స్టూడియోను తన కార్యశాలగా మార్చుకున్నాడు. రాత్రిళ్లు క్లబ్బుల్లో తనతో కలిసి వాయించినవాళ్లను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చేవాడు. ‘జిప్సీ ఐస్’ అనే ఒక్క పాటకే నలభైకి పైగా టేక్‌లు పట్టాయి. ఈ వరస నచ్చక ఛాండ్లర్ తప్పుకున్నాడు. ఆపైన టేపు తిరుగుతూనే ఉంది, ఆపమనేవారు లేరు.

బృందాలు కూడా మారాయి. 1969 జూన్‌లో హెండ్రిక్స్ తొలి బృందం నుంచి బాస్ గిటారిస్టు నోయల్ రెడింగ్ వెళ్లిపోయాడు. ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో ‘జిప్సీ సన్ అండ్ రెయిన్‌బోస్’ అనే పెద్ద బృందంతో హెండ్రిక్స్ వేదికెక్కాడు. 1970 జనవరి ఒకటి నాటి కచేరీల్లో, సైన్యంలో ఉన్నప్పటి స్నేహితుడు బిల్లీ కాక్స్ బాస్ గిటార్ మీద, బడ్డీ మైల్స్ డ్రమ్స్ మీద ఉన్నారు. కొత్త బృందం వచ్చినప్పుడల్లా పాత పాటలను మళ్లీ మొదటినుంచి వాయించి చూసేవాడు. అందువల్ల ఒకే పాట మూడు నాలుగు రూపాల్లో టేపుల్లో మిగిలింది.

స్టూడియో అద్దెలు మోయలేనంత పెరగడంతో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో సొంతంగా ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో కట్టించుకున్నాడు. 1970 ఆగస్టు 26న దాని ప్రారంభోత్సవం జరిగింది. ఆ వెంటనే ఐరోపా పర్యటనకు వెళ్లిన హెండ్రిక్స్ మళ్లీ తిరిగి రాలేదు. రాబోయే ఆల్బమ్ కోసం సొంత చేతిరాతతో రాసుకున్న పాటల జాబితా ఉంది, పాటలు చాలామటుకు సిద్ధంగా ఉన్నాయి. తుది రూపం మాత్రం ఖరారు కాలేదు.

తోటివాళ్లు చేసిన కూర్పు

ఆ ఆల్బమ్‌ను పూర్తిచేసే బాధ్యత మొదట రికార్డింగ్ ఇంజినీర్ ఎడ్డీ క్రామర్, డ్రమ్మర్ మిచ్ మిచెల్ మీద పడింది. ఇద్దరూ హెండ్రిక్స్ పక్కన కూర్చుని పనిచేసినవాళ్లే. వాళ్లు సిద్ధం చేసిన ‘ద క్రై ఆఫ్ లవ్’ 1971 మార్చిలో విడుదలై అమెరికాలో మూడో స్థానానికి, బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరింది.

ఈ ఆల్బమ్‌లోనూ చేర్పులు లేకపోలేదు. ‘ఏంజెల్’ పాటకు మిచెల్ హెండ్రిక్స్ మరణం తర్వాత డ్రమ్స్ వాయించాడు. ‘డ్రిఫ్టింగ్’ పాటకు బజ్జీ లిన్‌హార్ట్ 1970 నవంబరులో వైబ్రాఫోన్ చేర్చాడు. అయితే అవి పాటలో ఇమిడిపోయాయి. ఎందుకంటే వాయించినవాళ్లకు, వాయింపజేసినవాళ్లకు హెండ్రిక్స్ ఆలోచనలు దగ్గరగా తెలుసు. చివరి పాట ‘బెల్లీ బటన్ విండో’ను మాత్రం ఏమీ చేర్చకుండా వదిలేశారు. 1970 ఆగస్టులో రికార్డయిన ఆ పాటలో ఉన్నది హెండ్రిక్స్ గొంతు, గిటార్ మాత్రమే. స్వభావంలో అది డెమోకు దగ్గరగా ఉంటుంది.

ఆ తర్వాత ‘రెయిన్‌బో బ్రిడ్జ్’ (1971), ‘వార్ హీరోస్’ (1972), ‘లూజ్ ఎండ్స్’ వరసగా వచ్చాయి. ఒక్కో ఆల్బమ్‌కూ సరుకు పలచబడుతూ పోయింది. మరోపక్క 1965లో ఒక్క డాలరు తీసుకుని పీపీఎక్స్ సంస్థ అధిపతి ఎడ్ చాల్పిన్‌తో హెండ్రిక్స్ చేసుకున్న పాత ఒప్పందం ఇంకో బెడద తెచ్చింది. కర్టిస్ నైట్ అనే గాయకుడి వెనక అతను పక్కవాద్యంగా వాయించిన రికార్డింగులు హెండ్రిక్స్ ఆల్బమ్‌ల పేరుతో బజారులోకి వచ్చాయి. అట్టమీద బొమ్మ హెండ్రిక్స్‌ది, లోపలి పాట వేరొకరిది.

గిటార్ ఉంచి, మిగతాది తీసేసి

వ్యవహారాలు చూస్తున్న మేనేజర్ మైకేల్ జెఫ్రీ 1973 మార్చిలో ఫ్రాన్స్ మీదుగా ఎగురుతున్న విమానాలు ఢీకొన్న ప్రమాదంలో చనిపోయాడు. తర్వాత టేపుల బాధ్యత నిర్మాత అలన్ డగ్లస్ చేతికి వచ్చింది. పెట్టెల్లో మిగిలిన పాటల్లో గిటార్ బాగున్నా తాళం, పక్కవాద్యం సరిగా కుదరలేదని అతని అభిప్రాయం. 1975లో వచ్చిన ‘క్రాష్ ల్యాండింగ్’ కోసం అతను హెండ్రిక్స్ గొంతు, గిటార్ మాత్రమే ఉంచుకుని, అసలు వాయించినవాళ్ల డ్రమ్స్, బాస్ తీసేయించాడు. ఆ చోట్లో డ్రమ్మర్ అలన్ ష్వార్జ్‌బర్గ్, బాస్ గిటారిస్టు బాబ్ బాబిట్ వంటి స్టూడియో వాద్యకారులు కొత్తగా వాయించారు. వీళ్లెవరూ ఆ పాటలు రికార్డయిన గదిలో ఉన్నవాళ్లు కారు.

దీన్ని సాధ్యం చేసింది బహుళ ట్రాక్‌ల టేపే. ఒక్కో వాయిద్యం ఒక్కో దారిలో ఉంటే, ఒక దారి మూసేసి అక్కడ ఇంకొకటి నింపవచ్చు. కానీ కలిసి వాయించేటప్పుడు గిటారిస్టు డ్రమ్స్ విని స్పందిస్తాడు. డ్రమ్మర్ కూడా గిటార్‌ను బట్టి దెబ్బ మారుస్తాడు. డ్రమ్స్ మార్చేస్తే గిటార్ అప్పటికే లేని మనిషికి జవాబు చెబుతున్నట్టు అవుతుంది. అదే ఆల్బమ్‌లోని ‘కెప్టెన్ కోకోనట్’ అయితే వేర్వేరు రికార్డింగుల ముక్కలను అతికించి తయారుచేసిన పాట. ఇవి చాలనట్టు కొన్ని పాటలకు డగ్లస్ తనను సహ రచయితగా కూడా చూపుకున్నాడు.

ఆల్బమ్ అమెరికాలో అయిదో స్థానానికి చేరింది. అమ్మకాలకు కొదవలేదు, విమర్శకులు మాత్రం దుమ్మెత్తి పోశారు. అదే ఏడాది ‘మిడ్‌నైట్ లైట్నింగ్’ కూడా ఇదే పద్ధతిలో వచ్చింది. డగ్లస్ పనులన్నీ అలాంటివే అనడం మాత్రం న్యాయం కాదు. 1994లో అతను కూర్చిన ‘బ్లూస్’ మంచి పేరు తెచ్చుకుంది. ‘హియర్ మై ట్రెయిన్ ఎ కమిన్’ పాట అందులో రెండు రూపాల్లో ఉంది. 1967 డిసెంబరులో కెమెరా ముందు పన్నెండు తీగల అకూస్టిక్ గిటార్‌తో ఒంటరిగా పాడినది మొదట వస్తుంది. 1970లో కచేరీ వేదిక మీద ఎలక్ట్రిక్ గిటార్‌తో విరుచుకుపడినది చివర వస్తుంది. అదే పాట రెండున్నరేళ్లలో ఎంత పెరిగిందో ఆ రెండూ విన్నవారికి తెలిసిపోతుంది.

కుటుంబం చేతికి

కొడుకు రికార్డింగుల హక్కుల కోసం జిమీ తండ్రి అల్ హెండ్రిక్స్ 1993లో కోర్టుకెక్కాడు. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు, సియాటిల్ వాసి పాల్ అలెన్ ఆర్థికంగా అండగా నిలిచాడు. 1995లో హక్కులు కుటుంబానికి తిరిగొచ్చి ‘ఎక్స్‌పీరియన్స్ హెండ్రిక్స్’ అనే సంస్థ ఏర్పడింది. అల్ పెంచిన కూతురు జానీ హెండ్రిక్స్, పాత ఇంజినీర్ ఎడ్డీ క్రామర్, రచయిత జాన్ మెక్‌డెర్మాట్ కలిసి టేపుల పని చేపట్టారు.

1997లో వచ్చిన ‘ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్’ ఆ కృషికి మొదటి ఫలం. హెండ్రిక్స్ తన తర్వాతి ఆల్బమ్‌కు అనుకున్న పేర్లలో ఇదొకటి. ఇందులోని 17 పాటల్లో పది ‘ద క్రై ఆఫ్ లవ్’లోవి, నాలుగు ‘రెయిన్‌బో బ్రిడ్జ్’లోవి, మూడు ‘వార్ హీరోస్’లోవి. అంటే పాట ఒక్కటీ కొత్తది కాదు. కొత్తదల్లా, మూడు ఆల్బమ్‌లకు చెదిరిపోయిన పాటలను ఒకచోటికి తేవడం. అయినా అది హెండ్రిక్స్ అనుకున్న ఆల్బమే అని చెప్పలేం. అందులోని ‘మై ఫ్రెండ్’ ఆ ఆల్బమ్ తలపెట్టకముందే, 1968లో రికార్డయిన పాట.

2010లో వచ్చిన ‘వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్’తో విడుదల కాని రికార్డింగుల వరస మొదలైంది. ఆల్బమ్ పేరే ఉన్న పాటను 1969 సెప్టెంబరులోనూ, 1970 మేలోనూ చేసిన రికార్డింగులను కలిపి తయారు చేశారు. ‘మిస్టర్ బ్యాడ్ లక్’ 1967 నాటి పాట. కానీ అందులోని బాస్, డ్రమ్స్ 1987లో ఛాండ్లర్ పిలిస్తే రెడింగ్, మిచెల్ వచ్చి మళ్లీ వాయించినవి. చేర్పులకు దూరంగా ఉంటామన్న కాలంలోనూ అవి పూర్తిగా పోలేదన్నమాట.

ఒకే పాట, రెండు ఆల్బమ్‌లు

2013 నాటి ‘పీపుల్, హెల్ అండ్ ఏంజెల్స్’లో 12 పాటలున్నాయి. ఎక్కువభాగం 1968, 1969ల్లో రికార్డయినవే. ‘హియర్ మై ట్రెయిన్ ఎ కమిన్’ 1969 మే 21 నాటిది. కాక్స్, మైల్స్‌తో కలిసి హెండ్రిక్స్ స్టూడియోలో చేసిన తొలి సెషన్ అది. ‘సమ్‌వేర్’లో బాస్ గిటార్ వాయించింది స్వయంగా గిటారిస్టయిన స్టీఫెన్ స్టిల్స్. ‘లెట్ మి మూవ్ యూ’లో పాట, శాక్సఫోన్ లానీ యంగ్‌బ్లడ్‌వి, హెండ్రిక్స్ పక్కన నిలబడి గిటార్ వాయించాడు. ‘ఇజబెల్లా’లో వుడ్‌స్టాక్ బృందం వినిపిస్తుంది. మూడు వాయిద్యాల హోరుతో పేరుపడిన మనిషి అప్పటికే ఎన్ని దారులు వెతుకుతున్నాడో ఈ పాటల్లో తెలుస్తుంది.

వీటిలో పాత ఆల్బమ్‌లు విన్నవారి చెవికి వెంటనే తగిలేది ‘క్రాష్ ల్యాండింగ్’. 1969 ఏప్రిల్‌లో బిల్లీ కాక్స్ బాస్, రాకీ ఐజాక్ డ్రమ్స్‌తో రికార్డయిన ఈ పాటనే 1975లో డగ్లస్ కొత్త వాద్యకారులతో విడుదల చేశాడు. 2013లో అసలు వాయించినవాళ్లను వెనక్కి తెచ్చారు. 1975 పాట నునుపుగా, కొలతపెట్టి కోసినట్టు సాగుతుంది. 2013 పాట గరుకుగా ఉంటుంది, ఇంకా దారి వెతుక్కుంటున్న బృందంలా వినిపిస్తుంది. రెండింటిలోనూ హెండ్రిక్స్ వాయించిన టేపు అదే. పక్కవాద్యం ఒక్కటి మారితే అతనే వేరే గిటారిస్టుగా వినిపిస్తాడు.

2018లో వచ్చిన ‘బోత్ సైడ్స్ ఆఫ్ ద స్కై’లో 13 పాటలుంటే పది అంతకుముందు విడుదల కానివి. ‘వుడ్‌స్టాక్’ పాటలో స్టిల్స్ పాడుతుంటే హెండ్రిక్స్ వాయించింది గిటార్ కాదు, బాస్. ఇంకో పాటలో టెక్సస్ బ్లూస్ గిటారిస్టు జానీ వింటర్ అతని పక్కన వాయించాడు.

డెమోల్లో ఎక్కువ ఊహాగానాలకు తావిచ్చింది ‘బ్లాక్ గోల్డ్’. 1970 తొలినాళ్లలో న్యూయార్క్‌లో తానుంటున్న ఇంట్లో హెండ్రిక్స్ ఒంటరిగా గిటార్‌తో క్యాసెట్ల మీద రికార్డు చేసిన పాటల వరస అది. ఆ క్యాసెట్లను మిచ్ మిచెల్‌కు ఇచ్చాడు. రెండు దశాబ్దాలపాటు అవి మిచెల్ దగ్గరే ఉండిపోయాయి. వాటిలోని ‘సడన్లీ నవంబర్ మార్నింగ్’ 2010 నాటి ‘వెస్ట్ కోస్ట్ సియాటిల్ బాయ్’ సంకలనంలో వెలుగు చూసింది.

పెట్టె తెరిచాక జరిగే పని

పాత టేపును ఆల్బమ్‌గా మార్చడంలో మొదటి అడుగు టేపు పెట్టెను చదవడం. అట్టపెట్టె మీద తేదీ, స్టూడియో పేరు, పాట పేరు, టేక్ సంఖ్య, ఏ ట్రాక్‌లో ఏ వాయిద్యం ఉందో రాసి ఉంటాయి. ఒక్కోసారి పాట పేరు రాయని పెట్టెలూ, తప్పు పేరు రాసిన పెట్టెలూ దొరుకుతాయి. అప్పుడు స్టూడియో బిల్లులు, వాద్యకారుల జ్ఞాపకాలు, కచేరీ తేదీలు పోల్చిచూసి తేల్చాలి.

తర్వాతిది టేపు ఆరోగ్యం. అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించే జిగురు కొన్ని రకాల టేపుల్లో, ముఖ్యంగా 1970ల నుంచి వచ్చినవాటిలో, గాలిలోని తేమ పీల్చుకుని బంకగా మారుతుంది. అలాగే తిప్పితే పొడి ఊడి ధ్వని పోతుంది. అలాంటి టేపులను సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి, జిగురు బిగిశాక డిజిటల్ రూపంలోకి ఎక్కిస్తారు. ఆ మరమ్మతు తాత్కాలికమే.

చివరిది మిక్సింగు. ఏ వాయిద్యం ఎంత బిగ్గరగా ఉండాలి, ఎడమ నుంచి రావాలా, కుడి నుంచి రావాలా అన్నది ఇక్కడ తేలుతుంది. కొత్తగా ఒక్క స్వరం చేర్చకపోయినా, గిటార్ కాస్త పెంచి డ్రమ్స్ కాస్త తగ్గిస్తే పాట రంగు మారుతుంది. పన్నెండు నిమిషాల జామ్‌ను అయిదు నిమిషాలకు కోయడం కూడా సంకలనకర్త చేతిలో పనే. ‘ఉన్నది ఉన్నట్టు’ అని అట్ట మీద రాసుకున్న ఆల్బమ్‌లోనూ ఇన్ని ఎంపికలు దాగి ఉంటాయి.

మిగతా గిటారిస్టులు

వాద్యకారుడు బతికుండగా తన టేపులు తానే బయటపెడితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. ‘ద హూ’ బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ 1983లో ‘స్కూప్’ పేరుతో తన డెమోలను విడుదల చేశాడు. ‘బిహైండ్ బ్లూ ఐస్’, ‘మ్యాజిక్ బస్’ వంటి ప్రసిద్ధ పాటలకు ఇంట్లో తానే అన్ని వాయిద్యాలూ వాయించి చేసుకున్న నమూనాలు అందులో ఉన్నాయి. ఒక్కో పాట ఎలా పుట్టిందో తనే వివరణ రాశాడు. 1987లో, 2001లో అదే వరసలో మరో రెండు సంకలనాలు వచ్చాయి.

టెక్సస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 1990 ఆగస్టులో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. అన్న జిమ్మీ వాన్ మరుసటి ఏడాది ‘ద స్కై ఈజ్ క్రయింగ్’ కూర్చాడు. పది పాటల ఈ ఆల్బమ్‌లో హెండ్రిక్స్ పాట ‘లిటిల్ వింగ్’కు స్టీవీ చేసిన వాద్య రూపం ఉంది. దానికి గ్రామీ పురస్కారం దక్కింది.

ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలగర్‌ది మరో రకం చిక్కు. 1977 చివర్లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఆల్బమ్ మొత్తం రికార్డు చేశాక, మిక్సింగు నచ్చక అతనే పక్కన పడేశాడు. వాటిలోని కొన్ని పాటలను మళ్లీ వాయించి 1978లో ‘ఫొటో-ఫినిష్’ విడుదల చేశాడు. 1995లో అతను మరణించాక, 2011లో కుటుంబం ఆ పాత టేపులను కొత్తగా మిక్స్ చేయించి ‘నోట్స్ ఫ్రమ్ శాన్ ఫ్రాన్సిస్కో’గా తెచ్చింది. హెండ్రిక్స్ తన టేపుల మీద తీర్పు చెప్పకుండానే పోయాడు. గ్యాలగర్ మాత్రం తీర్పు చెప్పేశాడు. అయినా ఆ పాటలు బయటికి రావడం వల్ల అభిమానులకు మంచి ఆల్బమే దొరికింది.

కొనేముందు చూడాల్సినవి

విడుదల కాని టేపులు ఎటూ దొంగతనంగా బయటికి వస్తాయి. హెండ్రిక్స్ బూట్‌లెగ్ రికార్డులు, అంటే అనుమతి లేకుండా తయారైనవి, దశాబ్దాలపాటు చేతులు మారాయి. దానికి విరుగుడుగా 1998లో కుటుంబ సంస్థ ‘డ్యాగర్ రికార్డ్స్’ అనే చిన్న లేబుల్ పెట్టింది. నాణ్యత తక్కువైన కచేరీ టేపులు, సగంలో ఆగిన డెమోలు, పొడవాటి జామ్‌లను పెద్ద బజారులో పెట్టకుండా, కోరుకున్న అభిమానులకు మాత్రం ఈ లేబుల్ ద్వారా అందించింది. పూర్తయిన పాటకూ పరిశీలన కోసం వినే టేపుకూ మధ్య గీత గీసిన మంచి ఏర్పాటు అది.

ఇలాంటి సంకలనం అట్టలోపలి వివరాల్లో నాలుగు సంగతులు ఉండాలి. ప్రతి పాట రికార్డయిన తేదీ, స్టూడియో మొదటిది. ఎవరు ఏ వాయిద్యం వాయించారన్నది రెండోది. తర్వాతి ఏళ్లలో ఏమైనా చేర్చారా, తీసేశారా, కోశారా అన్నది మూడోది. ఆ పాట అంతకుముందు వేరే రూపంలో వచ్చిందా లేదా అన్నది నాలుగోది. ఈ నాలుగూ దాచకుండా చెప్పిన సంకలనంలో గిటారిస్టు పని ఏదో, కూర్చినవాళ్ల పని ఏదో శ్రోత తానే వేరుచేసుకోగలడు. చెప్పని సంకలనంలో ఆ రెండూ కలగలిసిపోతాయి. చనిపోయినవాడి ఖాతాలో వేరేవాళ్ల ఎంపికలు జమవుతాయి.